బియ్యాన్ని లాగే అణా

కోదాడ అంగడిలో కొన్న విక్టోరియా మహారాణి మా వంటింట్లో ఫ్రిజ్ మీది అయస్కాంతానికి అతుక్కుపోయిన రోజున నాణేల సేకరణలో నా చదువు మొదలైంది. అమ్మినాయన దాన్ని వెండి రూపాయి అన్నాడు. "చేత్తో పట్టి చూడండి సార్, ఎంత బరువుందో! ఇలాంటి సరుకు మళ్లీ దొరకదండీ," అన్నాడు. బరువుగానే ఉంది. ఇనుము మాత్రం తేలిగ్గా ఉంటుందా? సూర్యాపేటకు తెచ్చి మా ఆవిడకు చూపించబోతుంటే మహారాణి నా వేళ్ల నుంచి జారి టప్పున అయస్కాంతాన్ని పట్టుకుంది. వెండి ఆ పని చెయ్యదు.

"పోనీలే, కరెంటు బిల్లు పెట్టుకోను పనికొస్తది," అంది మా ఆవిడ.

ఊరూరా తిరిగి బాబాల బూడిద మీద, తాయెత్తుల మీద ఉపన్యాసాలు దంచినవాణ్ని. ఒక ఇనప ముక్క నన్ను ఓడించడమా? పట్టుబట్టి నేర్చుకున్నాను. అసలు నాణేన్ని అచ్చుతో కొడతారు. దొంగ నాణేన్ని చాలాసార్లు మూసలో పోస్తారు, అందుకే దాని అంచు చుట్టూ రెండు సగాలు కలిసిన సన్నటి గీత ఉంటుంది, ముఖం మీద సూది గుచ్చినట్టు గుంటలుంటాయి. భూతద్దం, అయస్కాంతం లేకుండా గడప దాటడం మానేశాను. దేశంలో ప్రతి భక్తుడి జేబులో ఈ రెండూ ఉంటే సగం ఆశ్రమాలు ఖాళీ అవుతాయని ఇప్పటికీ నా వాదన.

అప్పుడే మిర్యాలగూడ నుంచి అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, జల్ది రా. మీ బావ మా అత్తమ్మ రూపాయల దండ ఎవనికో ఇచ్చేటట్టున్నడు."

చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు వెండి రూపాయలకు కొక్కేలు పెట్టి అల్లిన దండ అది. అక్క అత్తగారు పోయేముందు తన చేతులతో అక్క మెడలో వేసింది. మా బావ దాన్నిచ్చి 'రైస్ పుల్లర్' తీసుకుంటాడట. బియ్యం గింజల్ని తనవైపు లాక్కునే మహిమ గల నాణెమట. ఆలోచించండి, రైస్ మిల్లు యజమానికి బియ్యాన్ని లాగే నాణెం! నిడమనూరు నుంచి వడ్ల ట్రాక్టర్లు వాటంతటవే మిల్లు ముందు బారులు తీరుతాయని బావ లెక్క.

నేను వెళ్లేసరికి మిల్లు ఆఫీసు గదిలో తెల్లబట్టల మనిషి ఒకడు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. టేబుల్ మీద ఎర్రగుడ్డలో నాణెం. ఒకవైపు రామ పట్టాభిషేకం, రెండోవైపు ఇంగ్లీషులో ఈస్టిండియా కంపెనీ, ఒక అణా, 1616. అక్క తలుపు దగ్గర నిలబడి దండను కొంగులో గట్టిగా పట్టుకుంది.

నేను వాదం మొదలుపెట్టాను. "బావా, ఆ ఏటికి కంపెనీవాడు జహంగీర్ దర్బారులో వ్యాపారం చేసుకోనివ్వమని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడు రాముడి నాణెం కొట్టించాడా? ఇగో, అంచు చుట్టూ గీత చూడు. ఇది పోత పోసింది."

"గీత ఉంటే ఏమైతది బామ్మర్ది? నీ చెయ్యికి లేవా గీతలు?" అన్నాడు బావ.

తెల్లబట్టల మనిషి నవ్వి, పొట్లంలోంచి కొన్ని బియ్యపు గింజలు టేబుల్ మీద చల్లాడు. నాణెం దగ్గరికి జరపగానే గింజలు గబగబా వెళ్లి దానికి అంటుకున్నాయి.

"సూసినవా! ఇగ ఏమంటవ్?"

నేను నా అయస్కాంతం తీసి గింజల దగ్గర పెట్టాను. అవి దానికీ ఎగిరి అంటుకున్నాయి. "గింజలకు ఇనప పొడి పూశాడు బావా. నాణెంలో ఉన్నది ఉత్త అయస్కాంతం. ఇంకేం రుజువు కావాలి?"

బావ నా అయస్కాంతం వైపు కొత్త గౌరవంతో చూశాడు. "అంటే దీనికి కూడ పవర్ ఉన్నట్టే కద! గిది యాడ కొన్నవ్?"

ఇన్నేళ్లలో ఎన్నో సభల్లో మాట్లాడాను. రాళ్లు వేసిన సభలు కూడా ఉన్నాయి. ఇంత నిస్సహాయంగా ఎక్కడా కూర్చోలేదు. చివరి ప్రయత్నంగా, "సరే బావా, మీ మిల్లు బియ్యం పెట్టి చూడు," అన్నాను.

బావ తనే వెళ్లి అప్పుడే పట్టిన సన్నబియ్యం గుప్పెడు తెచ్చి పోశాడు. నాణెం ఎంత తిప్పినా ఒక్క గింజ కదల్లేదు.

"కదలవండీ సేటు గారూ," అన్నాడు ఆ మనిషి తొణక్కుండా. "మిల్లు బియ్యంలో సత్తువుండదు. పాలిష్ పట్టి చంపేసిన బియ్యమండీ ఇవి. నాణేనికి తెలిసిపోద్ది."

బావ ముఖం మారిపోయింది.

"ఏమన్నవ్?"

"చచ్చిన బియ్యమని..."

"నా బియ్యం సచ్చినయా? నా బియ్యం వండితే పక్కింటోళ్లు వాసన సూసి గిన్నె పట్టుకొని వస్తరు!" అంటూ బావ ఆ పొట్లంలోంచి నాలుగు గింజలు తీసి, మిల్లులో ఎప్పుడూ చేసేటట్టే పంట కింద పెట్టి కొరికాడు. థూ అని ఊశాడు. "ముక్కిపోయిన దొడ్డు బియ్యం! గివి పట్టుకొచ్చి నా బియ్యానికి వంకలు పెడుతున్నవా? లేవ్! గీడికెళ్లి లేవ్!"

ఆ మనిషి నాణేన్ని ఎర్రగుడ్డతో సహా జేబులో కుక్కుకుని తవుడు బస్తాల మీదుగా పరుగెత్తాడు. చెప్పులు అక్కడే వదిలేశాడు.

హేతువాదం గెలిచిందనుకున్నాను. "ఇప్పుడైనా ఒప్పుకుంటావా బావా, ఆ నాణెం దొంగదని?"

"నాణెం మంచిదే కావచ్చు బామ్మర్ది," అన్నాడు బావ ఇంకా రొప్పుతూ. "మనిషే మంచోడు కాదు. బియ్యం తెల్వనోని చేతిల ఉంటే గది మాత్రం ఏం పని చేస్తది?"

అక్క ఆ మాట విని దండను కొంగులోంచి తీసి మెడలో వేసుకుంది. "ఇగ ఎవనికన్న ఇయ్యాల్నంటె నన్ను కూడ కలిపి ఇయ్యి," అంది మొగుడితో.

ఆ రూపాయలు మెడలో మెరుస్తుంటే నాలోని సేకర్తకు ఆశ పుట్టింది. "అక్కా, ఒక్కటి, జర అంచు చూస్తాను. అసలుదో కాదో..."

"మా అత్తమ్మను పరీక్ష చేస్తవారా?"

"పరీక్షకు నిలవనిది సత్యం కాదు అక్కా," అన్నాను, సభలో అన్నట్టే.

"చెయ్యి తియ్యి. చాయ్ సల్లగైతది, తాగు."

తాగాను. ఆ రూపాయలు అసలువో కావో నాకు నేటికీ తెలియదు.