లీదియా పెద్దమ్మ రబ్బరు ముక్క

మా పెద్దమ్మ లీదియా చేతిలో పడి పుస్తకం పాడైందని ఇంతవరకు ఎవరూ అనలేదు. బాలనర్సయ్య సార్ కూడా అనలేదు. అదే వచ్చిన చిక్కు. ఆయన నాలుగు తిట్టి ఉంటే ఈవిడ నాలుగు రోజులు ఏడ్చి తేరుకునేది. ఆయన భార్య నీలమ్మ గారు బతికుండగా పుస్తకాల్లో రాసి వెళ్లిన మాటల్ని మా పెద్దమ్మ తన చేత్తో చెరిపేసింది. అంత పని చేసిన మనిషిని ఎవరూ ఏమీ అనకపోతే ఆ మనిషి ఏమైపోవాలి?

పెద్దమ్మది బాపట్ల. ఉద్యోగమంతా ఒకే డిగ్రీ కాలేజీ లైబ్రరీలో చేసింది. పెళ్లి ఊసెత్తిన వాళ్లని, చదువుకునే చోట గోల చేసిన పిల్లల్ని చూసినట్టే చూసేది. రిటైరయ్యాక నిజాంపేటలో నా ఫ్లాట్‌కి వచ్చింది. వచ్చిన వారానికే నా వంటింటి డబ్బాలకు నంబర్లు పడ్డాయి. పసుపు ఉండాల్సిన చోట ధనియాలు ఉంటే ఆ పూట నాకు విచారణే. చర్చిలో పాటల పుస్తకాలు తలకిందులుగా ఉంటే ప్రార్థన కాగానే లేచి సర్దేది. "దేవుడు క్షమిస్తాడులే పెద్దమ్మా" అంటే, "ఆయన క్షమిస్తాడు సరే, తర్వాత వచ్చేవాళ్లు వెతుక్కోవద్దూ?" అనేది.

ఆవిడకు పెన్సిల్ గీతంటే ఒళ్లు మంట. గీసిన పిల్లాడు దొరికితే "పుస్తకం నీ ఒక్కడిదా?" అని వాడి చేతే చెరిపించేది. దొరక్కపోతే తనే చెరిపేది. హ్యాండ్‌బ్యాగులో బైబిలు పక్కన తెల్ల రబ్బరు ముక్క ఎప్పుడూ ఉండేది. చెరిపేటప్పుడు అక్కడ ఏం రాసుందో చదివేది కాదు. కాగితం నలగకుండా, ఒకే వైపుకి, మెల్లగా తుడిచేది. ఆ పనిలో ఆవిడను మించినవాళ్లు లేరు. ఉండి ఉంటే బాగుండేది.

బాలనర్సయ్య సార్‌ది నానక్‌రామ్‌గూడ పాత ఊరు. సర్కారు బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యారు. చిన్నప్పుడు చేలో ఒక పాత రాగి నాణెం దొరికితే, దాన్ని ఆ సాయంత్రమే పోగొట్టుకున్నారట. ఆ దిగులుకి విరుగుడుగా బతుకంతా నాణేల మీద పుస్తకాలు కొన్నారు. శాతవాహనుల నుంచి కుతుబ్‌షాహీల దాకా గదినిండా పుస్తకాలే. ఇంట్లో పాత నాణెం మాత్రం ఒక్కటీ లేదు. పుస్తకాలు కూడా చాలావరకు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న సెకండ్‌హ్యాండువే.

చుట్టూ టవర్లు లేచాక ఆయన ఇల్లూ బిల్డర్ చేతికి పోయింది; వేసవి దాటగానే ఖాళీ చెయ్యాలి. ఇక బాచుపల్లిలో కూతురు రోహిణి ఫ్లాట్‌లో ఆయనకు ఒక గది, ఒక బీరువా. బీరువాలో పట్టగా మిగిలిన పుస్తకాలు ఒక కాలేజీ తీసుకుంటానంది, కేటలాగు ఉంటేనే అంది. సార్‌కేమో చూపు దాదాపు పోయింది. రోహిణి మా ఆఫీసే కాబట్టి ఆ పని మా పెద్దమ్మకు వచ్చింది.

"ఎట్లా చెయ్యమంటారండీ?" అని పెద్దమ్మ మొదటిరోజే అడిగింది.

"నాకేం ఎరుకమ్మా. మీ లైబ్రరీల ఎట్ల చేస్తరో గట్లనే చెయ్యున్రి. జర పైలం, గంతే" అన్నారు సార్.

ఆ మాటే కొంప ముంచింది.

ఆ వేసవంతా ఆఫీసుకు పోతూ ఆవిడను స్కూటీ మీద దింపి, సాయంత్రం తీసుకొచ్చేదాన్ని. పెద్దమ్మకు పదేళ్లు తగ్గినట్టుండేది. "శాతవాహనుల నాణెం మీద ఓడ బొమ్మే సెలీనా, రెండు తెరచాప కొయ్యలు!" అని వెనక సీట్లోంచి అరిచేది. వంశాల వరసలో పుస్తకాలు పేర్చింది, చిరిగిన అట్టలు అతికింది, వెన్ను మీద నంబర్లు వేసింది. "ఫుట్‌పాత్ పుస్తకాలు కదా, ఎవరి పాపమో, అంచుల నిండా రాతలే" అని విసుక్కునేది. సాయంత్రం బండి ఎక్కేముందు కుచ్చిళ్ల మీది రబ్బరు పొడి దులుపుకునేది. మిగిలింది గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద గాలికి పోయేది. అవి నీలమ్మ గారి మాటలని మాకేం తెలుసు?

కేటలాగు పూర్తయిన రోజు సార్ మా ఇద్దరికీ టీ, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు. పెద్దమ్మ కొత్త చీర కట్టుకొచ్చింది.

"అమ్మా, ఇగ ఒక్క పని. మా నీలమ్మ పెన్సిల్‌తోని రాసిన పుస్తకాలు ఉంటయి గద, గవి పక్కకు పెట్టున్రి. గవే నా బీరువల పెట్టుకుంట" అన్నారు సార్. "రాత్రి నేను చదివింది ఆమెకు చెప్తుంటి. నేను పండుకున్నంక నన్ను తిట్టుకుంట, రాజులను తిట్టుకుంట అంచుల మీద రాసేది. పోయినంక రెండు చదివిన. అన్నీ చదివితే ఒడుస్తయని ఆపుకున్న. ఇగ కండ్లు పాయె. దినాం ఒక్కటి ఎవలతోనన్న చదివిచ్చుకుంట."

పెద్దమ్మ కప్పు కింద పెట్టింది. లేవని చెప్పి తప్పించుకోవచ్చు, ఆయనకు కళ్లు కనపడవు. కానీ మా పెద్దమ్మకు అబద్ధం చేతకాదు.

"చెరిపేశానండీ. అన్నీ. ఎవరివో అనుకున్నాను."

నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది. సార్ పెద్దమ్మ గొంతు వినపడ్డ వైపు తిరిగారు.

"ఏం రాసిందో... ఒక్కటన్న యాదికున్నదా అమ్మా?"

"చదవలేదండీ. నేను చదవను" అంది పెద్దమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

సార్ గోడ పట్టుకుని గదిలోకి వెళ్లి, అరలు తడిమి ఒక పుస్తకం తెచ్చారు. అట్ట తాకితే చాలు, అది ఏ పుస్తకమో ఆయనకు తెలుసు. "నీలమ్మ పెన్సిల్ గట్టిగ ఒత్తి రాస్తది. నాణెం మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితె అక్షరాలు లేస్తయి. గట్ల రుద్ది చూడున్రి."

పెద్దమ్మ పెన్సిల్ తీసుకుంది. పుస్తకం మీద పెన్సిల్ పెట్టడం ఆవిడ బతుకులో అదే మొదలు. పెన్సిల్ ఏటవాలుగా పట్టుకుని అంచు పొడవునా రుద్దింది. నలుపు మధ్యలో సన్నగా, తెల్లగా ఒక మాట లేచింది.

"ఏందయ్యా," అని చదివింది.

సార్ మొహం నిండా నవ్వు. "ఆ! గట్లనే పిలుస్తది నన్ను. తర్వాత?"

పెద్దమ్మ ఇంకా రుద్దింది. పేజీ చివరిదాకా నలుపే. మళ్లీ మొదటి నుంచి రుద్దింది. కన్నీళ్లు కాగితం మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకుంది.

"చదువున్రి అమ్మా, తర్వాత?"

"తర్వాత బాగా తుడిచానండీ."