ఖర్చులోనూ మా డబ్బే, వసూళ్ళలోనూ మా డబ్బే

పోయిన నెల పదకొండో తారీఖున అమలాపురంలో కంటి డాక్టరుగారి దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉండగా, పక్క కుర్చీలో ఎవరో వదిలి వెళ్ళిన ఆదివారం అనుబంధం కనిపిస్తే, కళ్ళలో మందు వేసేలోపు కాస్త చదువుకుందామని తీశాను. తీయకుండా ఉండవలసింది. నలభై ఏళ్ళ కిందట వచ్చిన ఒక సినిమా గురించి, కొట్లాటలూ నవ్వులూ కలిపి తీసిన ఆ సినిమా రెండో భాగం గురించి అర పేజీ వేశారు. దానికి ఇంత ఖర్చయిందనీ, అందులో సగం కాలవలో ఆరు పడవలు తగలబెట్టే ఒక్క ఘట్టానికే పోయిందనీ, అయినా పెట్టినదానికి మూడింతలు రాబట్టిందనీ, కొత్తపేట లాంటి చిన్న ఊళ్ళో సైతం యాభై రోజులు ఆడిందనీ రాశారు. ఆ మొత్తాలు నేనిక్కడ మళ్ళీ రాయను. అబద్ధాన్ని రెండోసారి అచ్చు వేయించడానికి నాకు చెయ్యి రాదు. లోపలికి పిలిచిన నర్సు రక్తపోటు చూసి, ఇంత ఉందేమిటండీ, ఇంటి దగ్గర ఎవరితోనైనా దెబ్బలాడి వచ్చేరా అని అడిగింది.

ఆ కొత్తపేట హాల్లో ఆడవాళ్ళ కౌంటర్లో కూర్చున్నది నేను. 1976 జూన్ ఒకటిన చేరాను, నెలకు నూట పది రూపాయల జీతం. మా ఆయన కాంపౌండరు. ఆయన తెచ్చేదానికి ఇది తోడైతే తప్ప ఇద్దరు పిల్లల బడి ఖర్చు గడిచేది కాదు. మా సంఘంలో పెద్దలు క్రైస్తవ ఇల్లాలు సినిమా హాల్లో కూర్చోవడమేమిటని ఆక్షేపించేవారు. ఆ పెద్దలే ఆదివారం ఆరాధన అయ్యాక కానుకల సంచి నా ముందు పెట్టి, అమ్మా, నువ్వైతే పైసా తేడా రాకుండా లెక్కపెడతావు అనేవారు. మీలో ఆ రోజులు ఎరిగినవారికి ఆడవాళ్ళ కౌంటరు గుర్తుండే ఉంటుంది. చెయ్యి మాత్రమే పట్టే ఆ కంతలోంచి ఒకేసారి నాలుగు గాజుల చేతులు లోపలికి వచ్చేవి, నోటు ఎవరిదో చెయ్యి ఎవరిదో తెలిసేది కాదు. మనిషి మొహం చూడకుండానే, చేతులను బట్టి ఏ రోజు ఎంతమంది వచ్చారో, వాళ్ళలో రెండోసారి వచ్చినవాళ్ళెవరో చెప్పగలిగేదాన్ని.

ప్రతి ఆటకూ ఏ నంబరు టిక్కెట్టు నుంచి ఏ నంబరు దాకా తెగిందో, పన్నెంతో, మిగిలిందెంతో రోజువారీ వసూళ్ళ కాగితంలో రాసి సంతకం పెట్టాలి. మూడు ప్రతులు, మధ్యలో కార్బను. మగవాళ్ళ కౌంటర్ల లెక్కలు కూడా చివరికి నేనే కూడేదాన్ని, ఎందుకంటే అక్కడి గుమాస్తా కూడికలు రెండుసార్లు చేస్తే రెండు రకాలుగా వచ్చేవి.

ఆ సినిమా మొదటి భాగం 1979లో మా హాల్లో నిజంగానే అరవై మూడు రోజులు ఆడింది. కథానాయకుడు దెబ్బలాడుతుంటే, అతని మేనత్త పక్కనే నిలబడి, ఎవరిని ఎక్కడ కొట్టాలో తిడుతూ చెప్పే ఆ ముసలమ్మ పాత్ర కోసం ఆడవాళ్ళు విరగబడ్డారు. మా అన్నయ్యకు కొబ్బరి వ్యాపారం. అటకల మీద కురిడీకి, అంటే ఎండుకొబ్బరికి, కాయ వేసి, లోపలి నీళ్ళు ఇంకి గుడుక కదిలేదాకా పది నెలలు ఆగి అమ్మే ఓపికైన మనిషి. అలాంటివాడు, ఆ మొదటి భాగాన్ని ఇరవై రెండు వేలకు కొన్న రాజోలు ఆసామి బాగుపడటం కళ్ళారా చూసి, రెండో భాగం మన కోనసీమకు నేనే కొంటాను అన్నాడు. ఓపిక అక్కడితో అయిపోయింది.

1981 ఫిబ్రవరిలో ఆ రెండో భాగం తీసేవాళ్ళు పడవల కొట్లాట తీయడానికి మా కాలవ గట్టుకే వచ్చారు. అన్నయ్య సంబరానికి పట్టపగ్గాలు లేవు. తొమ్మిది రోజులు, రోజుకు నలభై అయిదు మంది, అంటే నాలుగు వందల అయిదు భోజనాలు మా వదిన వండి పెట్టింది. కోడికూర లేని పూట లేదు. తగలబెట్టడానికి పడవ కావాలంటే, కాయలు తోలే తన రెండు పడవల్లో పాతది, విప్పి అమ్మినా రెండున్నర వేలు చేసే టేకు పడవ, ఊరికే ఇచ్చాడు. తగలబడింది ఆ ఒక్కటే. దాన్నే ఒకసారి ఇటు గట్టు నుంచి, ఒకసారి అటు గట్టు నుంచి, కాస్త ఆర్పి మళ్ళీ వెలిగించి తీశారు. నేను గట్టు మీదే ఉన్నాను. ఆరు పడవలట!

జూలైలో బెజవాడ పంపిణీ ఆఫీసువాళ్ళు రేటు చెప్పారు. మొదటి భాగం ఇరవై రెండు వేలైతే దీనికి నలభై వేలు. ఎందుకంటే పడవల ఘట్టానికి విపరీతంగా ఖర్చయిందట. తన పడవ తను తగలబెట్టించుకున్నందుకు తనకే రేటు పెంచారని అన్నయ్యకు తోచలేదు. కొత్తపేట, రాజోలు, మలికిపురం మూడు హాళ్ళకూ కలిపి అడ్వాన్సు పద్ధతి మీద ఒప్పందం. అంటే సినిమా ఆడక నలభై వేలకు తక్కువ వస్తే ఆ తగ్గింది ఆఫీసు తిరిగి ఇవ్వాలి. ఆ ధైర్యంతో ఇంకా నాలుగు నెలలు ఆగవలసిన కురిడీ, ఇరవై రెండు వేల కాయ, వెయ్యి కాయ తొమ్మిది వందల రూపాయల లెక్కన దింపి అమ్మేశాడు. ఆగి ఉంటే పన్నెండు వందల యాభై పలికేది. ఏడు వేల ఏడు వందలు అక్కడే పోయాయి. కాగితాలు నాకు చూపించమన్నాను. అంతా ఇంగ్లీషులో ఉంది, పెద్దవాళ్ళు, మోసం చెయ్యరులే అన్నాడు. నేను రెండోసారి అడగలేదు. ఆ అడగకపోవడం నా తప్పు.

ఆగస్టు పద్నాలుగు శుక్రవారం విడుదల. ఆ మేనత్తను మొదటి రీలులోనే చంపేశారు. చావుకు ప్రతీకారమని తక్కిన సినిమా అంతా దెబ్బలే. శనివారం మ్యాటినీ నుంచి బయటికి వచ్చిన ఆడవాళ్ళ మొహాలు చూసి నాకు సంగతి అర్థమైంది. మంగళవారం మ్యాటినీకి నా కంతలోంచి వచ్చిన చేతులు నలభై ఒకటి. ఆ సాయంత్రమే అన్నయ్యకు చెప్పాను, ఇది మూడు వారాల సినిమా, నాలుగో వారం తీసెయ్యి, తగ్గిందెంతో ఆఫీసును అడుగు అని. నీకు సినిమాల గురించి ఏం తెలుసని నవ్వాడు. అయిదేళ్ళుగా రోజుకు మూడు ఆటల చొప్పున మనుషుల్ని లెక్కపెడుతున్నదాన్ని నేను, గట్టు మీద నిలబడి మంట చూసి మురిసినవాడు తను.

మూడో వారం చివర ఆఫీసు ప్రతినిధి వచ్చాడు. తెల్ల చొక్కా, ఎప్పుడూ నవ్వుమొహం. వారానికి ఇంత రాకపోతే సినిమా తీసేసే హక్కు హాలు యజమానికి ఉంటుంది; మాది ఆ గీత కిందికి దిగిపోయింది. ప్రతినిధి అన్నయ్యను కూర్చోబెట్టి అన్న మాటలు నేను కౌంటర్లోంచి విన్నాను.

"ఇంకో నాలుగు వారాలు లాగండి అన్నగారూ. యాభై పడితే హీరోగారే స్వయంగా కొత్తపేట వచ్చి మీకు దండేస్తారు. మూడో భాగం పాత రేటుకే మీది, ఆయ్."

మర్నాటి నుంచి, అంటే సెప్టెంబరు నాలుగు నుంచి, అన్నయ్య రోజూ మ్యాటినీకి ముందు నా కౌంటరు దగ్గరికి వచ్చి, గీతకు ఎంత తగ్గుతుందో అడిగి, అంత డబ్బూ కంతలో పెట్టేవాడు. మొదటి రోజు నేను ఆ డబ్బు వెనక్కి తోశాను. మనుషులు లేని టిక్కెట్లు తెంపనన్నాను.

"నేను కొంటన్నాను కదే అమ్మాయ్. నేను జనం కాదా?" అన్నాడు.

తెంపాను. పన్నులవాళ్ళు వస్తే నంబర్లు సరిపోవాలి కనుక ఒక్కొక్కటే సగానికి చించి, సగం ముక్క గేటు దగ్గర తీగకు గుచ్చేదాకా చూసి, కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఇరవై తొమ్మిది రోజులు, సగటున రోజుకు మూడు వందల పది రూపాయల టిక్కెట్లు. వేళ్ళ చివర్లు పుళ్ళు పడ్డాయి. హాలు యజమానికి అంతా తెలుసు, అద్దె గిట్టుతోంది కనుక అటు తిరిగి కూర్చున్నాడు. మా వదిన మాత్రం ఒకరోజు అన్నయ్యకు అన్నం వడ్డిస్తూ నా ముందే అంది:

"పడవ తగలెట్టించుకున్నారు. ఇప్పుడా మంట చూడ్డానికి ఊరందరి టిక్కెట్టూ మీరే కొంటన్నారు. ఆ హీరోకి మీకంటే పెద్ద అభిమాని ఉండడండీ."

అన్నయ్య మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాడు.

యాభయ్యో రోజు అక్టోబరు రెండు, గాంధీ జయంతి. హీరో రాలేదు. పేపర్లో మాత్రం కొత్తపేట పేరు పడింది. పదిహేను రోజులు చూసి, అన్నయ్య నన్ను వెంటబెట్టుకుని బెజవాడ వెళ్ళాడు. నా లెక్క ప్రకారం మూడు హాళ్ళలోనూ కలిపి నలభై వేలకు నిజం జనం వల్ల వచ్చింది ఇరవై ఆరు వేల నాలుగు వందలు. తిరిగి రావలసింది పదమూడు వేల ఆరు వందలు. ఆఫీసు మేనేజరు మాకు కాఫీ తెప్పించి, ఒప్పందం చివరి పేజీ తిప్పి, సన్నటి ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి తెలుగులో చెప్పాడు. మూడు హాళ్ళలో ఏ ఒక్కదాంట్లో యాభై రోజులు ఆడినా సినిమా గెలిచినట్టే లెక్క, ఆఫీసు పైసా తిరిగి ఇవ్వనక్కరలేదట. నాలుగు వారాలు లాగమన్న ఆ తెల్లచొక్కా మనిషి అదే గదిలో కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు.

అన్నయ్య, ఆ చివరి వారాలు అసలు ఆడలేదండీ, అదంతా నా డబ్బండీ అన్నాడు. మేనేజరు నేను రాసిన కాగితాల కట్ట నా ముందు పెట్టాడు.

"ఈ సంతకం మీదేనామ్మా?"

"నాదేనండి."

"మరి ఇందులో రాసిన జనం వచ్చేరా, రాలేదా?"

రాలేదని చెప్పాలని నోరు తెరిచాను. చెబితే దొంగ లెక్క రాసినదాన్ని నేనే అవుతాను, హాలు లైసెన్సు పోతుంది, పన్నులవాళ్ళు వస్తారు, సంఘంలో కానుకల సంచి ముందు మళ్ళీ కూర్చోలేను. చెప్పకపోతే పదమూడు వేల ఆరు వందలు పోతాయి. ఇదంతా నా మనసులో తిరిగేలోపే అన్నయ్య నా మొహం చూశాడు. చూసి, మేనేజరు వైపు తిరిగాడు.

"మా చెల్లెలు లేని లెక్క రాయదండీ. వచ్చేరు. అందరూ వచ్చేరు."

ఆ మాటతో కట్ట మూసేశారు. రావులపాలెంలో కొత్తపేట బస్సు కోసం నిలబడినప్పుడు అన్నయ్య అరటిపళ్ళు కొని నా చేతిలో పెట్టాడు. తను పోసిన ఎనిమిది వేల తొమ్మిది వందల తొంభైలో పన్నూ హాలు అద్దే పోగా తిరిగి చేతికొచ్చింది రెండు వేల ఆరు వందల తొంభై ఏడు. కురిడీ మీదా పడవ మీదా పోయింది కాక, ఆ సినిమా మీద అతనికి పోయింది పంతొమ్మిది వేల ఎనిమిది వందల తొంభై మూడు. రెండో పడవా అమ్మేసి, మలికిపురంలో ఇంకొకరి కొట్టులో కాయ లెక్కపెట్టే పనికి కుదిరాడు. నవంబరు ఒకటిన నేను కౌంటరు మానేశాను. ఎందుకు మానేశావని అతను అడగలేదు. పోయేదాకా ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. నన్ను కాపాడానని అతను అనుకున్నాడో, నేను నోరు విప్పనందుకు నొచ్చుకున్నాడో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు కోపం.

ఇప్పుడా హాలు సిమెంటు గోదాము. టిక్కెట్లు ఫోన్లో కొంటున్నారు. టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు తమ హీరో సినిమా ఎంత తెచ్చిందో, ఎదుటివాడి హీరో సినిమా ఎంత తక్కువ తెచ్చిందో, సొంత చేలో దిగుబడిలాగా చెప్పుకుని కొట్టుకుంటున్నారు. ఆ టిక్కెట్లు ఎవరు కొన్నారని ఒక్కడూ అడగడు. మా రోజుల్లో అబద్ధం చెప్పాలన్నా ఒక మనిషి కూర్చుని ఒక్కొక్క టిక్కెట్టూ చించి, చేత్తో రాసి, కింద పేరు పెట్టవలసి వచ్చేది. ఆ మనిషికైనా నిజం తెలిసి ఉండేది. ఇప్పుడు ఎవరి వేళ్ళూ నొప్పి పెట్టడం లేదు. ఆ ఆఫీసు లేదు, మేనేజరు లేడు, మా అన్నయ్యా లేడు, కానీ ఆ అంకెలు మాత్రం బతికే ఉన్నాయి, ఆదివారం పూట అచ్చవుతున్నాయి. అందుకని, ఆ రోజు నేను చెప్పవలసిన జవాబు, ఇక ఎవరికీ పనికిరాకపోయినా, ఇక్కడ రాస్తున్నాను. సెప్టెంబరు నాలుగు నుంచి అక్టోబరు రెండు దాకా, మా అన్నయ్య కొన్న ఆ టిక్కెట్ల మీద, ఒక్కరూ రాలేదండీ.