గోడ ఒప్పుకోవాలి

మా అత్తయ్య గోడనడక్కుండా చికెన్ సలాడ్‌లో ఉప్పు సరిచేయదు. గోడలకి చెవులుంటాయని అందరూ అంటారు. మా వంటింటి గోడకి నాలుక కూడా ఉందని నేను కాపురానికొచ్చిన మొదటి ఆదివారమే తెలిసింది.

పనితనానికి వంక పెట్టలేం. చికెన్‌ని ఉడికిన నీళ్లలోనే చల్లారనిచ్చి చేత్తో సన్నగా చీలుస్తుంది. ఉల్లిపాయ, ఆపిల్ ముక్కలు, మయోనైజ్, అప్పుడే దంచిన మిరియాలు కలుపుతుంది. రెండు బ్రెడ్ ముక్కల మధ్య కూరి, గోడ అలమారలో పెట్టి, తలుపేసి, చేతులు కట్టుకుని నిలబడుతుంది.

"ఎవరికత్తయ్యా?"

"ష్. రుచి చూస్తోంది."

కాసేపటికి లోపల్నుంచి టక్ మంది. మళ్లీ టక్.

"నిమ్మరసం తక్కువైందట," అంది ఆవిడ, పక్కింటావిడ చెప్పి వెళ్లినంత మామూలుగా. తలుపు తీస్తే ప్లేటు ఖాళీ. బ్రెడ్డు పొడి కూడా లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

గోడకవతల ఇంకో ఇల్లుంది. ఎప్పుడు చూసినా తాళమే, కిటికీలు మూసే ఉంటాయి. పట్టపగలు కూడా దాని ముందు నుంచి వెళ్తుంటే వీపుమీద ఎవరో చూస్తున్నట్టుంటుంది. మా ఆయన్నడిగితే "ఎలుకలు" అన్నాడు. నిమ్మరసం అడిగే ఎలుకల్ని నేనెక్కడా చూడలేదు. "అమ్మకి కాస్త చాదస్తంలే," అని పేపర్లో తల దూర్చాడు.

ఒక టక్ అంటే ఉప్పు, రెండంటే నిమ్మరసం, మూడంటే మిరియాలు. వింతేమిటంటే, చెయ్యి తిరిగిన ఆ మనిషి రోజూ ఏదో ఒకటి మర్చిపోయేది. ఓసారి ఉప్పు తక్కువని నేనే చెప్పబోతే నా నోరు నొక్కేసింది. "నువ్వు చెప్పకు. అది చెప్పాలి."

ఒక ఆదివారం టక్ రాలేదు. ప్లేటు పెట్టింది పెట్టినట్టే ఉంది. అత్తయ్య ఆ పూట తను కూడా తినలేదు. గోడకి చెంప ఆనించి, "అలిగారా? రేపు మళ్లీ చేస్తాగా," అని బతిమాలింది. లోపల ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. నేను విన్నాను.

ఇక నా వల్ల కాలేదు. మర్నాడు ఆవిడ చికెన్ చల్లారబెడుతుండగానే తాపీమేస్త్రీని పిలిపించి, అలమారని ఇటుకలతో మూసెయ్యమన్నాను.

అత్తయ్య అడ్డం నిలబడింది. "మూసేస్తే మనిషి పోతాడమ్మాయ్."

"ఏ మనిషి?"

మేస్త్రీ అప్పటికే అలమార వెనక చెక్క మీద తట్టాడు. అది తలుపులా తెరుచుకుంది. అవతల చీకటిగది. చీకట్లో చక్రాల కుర్చీ. అందులో మెడకి తెల్ల రుమాలు కట్టుకున్న ముసలాయన, ఎడమచేతిలో చెంచాతో, కళ్లార్పకుండా మమ్మల్నే చూస్తున్నాడు. మేస్త్రీ తాపీ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

అత్తయ్య నన్ను పక్కకి లాగింది. "పెద్ద హోటల్లో వంటమాస్టారుగా చేసేవాడాయన. పక్షవాతమొచ్చి మాట పోయింది. కూతురు తాళం వేసుకుని పనికెళ్తుంది. ఈ అవతారంలో ఎవరికీ కనబడనని పంతం. ఎవరైనా తినిపించబోతే మొహం తిప్పేస్తాడు. తప్పు చెప్పండి మాస్టారూ అని పెడితేనే తింటాడు. మరి చెప్పడానికి ఏదో ఒక తప్పుండాలిగా? నిన్న అన్నీ సరిగ్గా కుదిరిపోయాయి, అందుకే అలిగాడు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా. మీకు పిచ్చనుకున్నాను."

"అనుకుంటే నాకేం అరిగిపోయింది?"

చెక్కవతల ఆయన మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. నిన్నట్నుంచీ ఏమీ తినలేదు, ఇప్పుడీ అవమానం కూడా. గబగబా చికెన్ చీల్చి, చేతికందినవన్నీ కలిపి, శాండ్‌విచ్ అలమారలో పెట్టాను. చెక్కా తలుపూ మూసేసి, చేతులు కట్టుకుని గోడతో అన్నాను.

"కొత్త కోడల్ని మాస్టారూ. ఎలా ఉందో చెప్పండి."

లోపల చెంచా చప్పుడు మొదలైంది. టక్ టక్ టక్ టక్, ఆపడే.

"ఇన్ని టక్కులకి అర్థమేంటత్తయ్యా?"

"మళ్లీ వంటింట్లో అడుగుపెట్టొద్దంటున్నాడు."

తలుపు తీశాను. ప్లేటు ఖాళీ.

"తిట్టడానికి ఓపిక కావాలి కదా," అంది అత్తయ్య, ఇంకో రెండు బ్రెడ్ ముక్కలు నా చేతికిస్తూ. "రేపు కూడా నువ్వే చెయ్యి."