స్విచ్చి వేసే ముందు

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా పక్కింటివారి అమ్మాయి తన సరంజామా అంతా ఎత్తుకొచ్చి మా వంటింటి బల్ల మీద పరిచింది. వాళ్ళింట్లో చుట్టాలున్నారు, మా ఇంట్లో నేనొక్కదాన్నే కనుక చోటుకు కొదవ లేదు. ఇక్కడే, ఐర్లండులోని ఎన్నిస్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. నేను తెలుగులో అడిగితే మా క్లేర్ జిల్లా యాస ఇంగ్లీషులో జవాబిస్తుంది, ఎవరి భాషలో వాళ్ళం హాయిగా కబుర్లు చెప్పుకుంటాం. ఈ ఏడే పక్కనున్న లిమరిక్‌లో ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో చేరింది. సర్క్యూట్ల ల్యాబుకు కావలసిన సామానంతా ఇప్పుడు అట్టపెట్టెలో పెట్టి ఇంటికే ఇచ్చేస్తున్నారట. లాప్‌టాప్‌లో ఉత్తుత్తి సర్క్యూటొకటి గీసి చూసుకుని, అసలు తీగలు చకచకా గుచ్చడం మొదలుపెట్టింది. నేను పప్పులోకి పోపు వేస్తూ ఓ కంట చూస్తూనే ఉన్నాను, తీగ గుచ్చడమూ స్విచ్చి నొక్కడమూ ఒకే ఊపులో అయిపోయాయి, చిన్న రెసిస్టరొకటి కమురు వాసన కొట్టింది. నా గుండె ఝల్లుమంది. ఆ పిల్ల మాత్రం, "ఇట్స్ గ్రాండ్, ఆంటీ" (ఇక్కడ గ్రాండంటే ఫరవాలేదని) అంటూ కాలినదాన్ని పీకి పక్కన పడేసి ఇంకొకటి పెట్టుకుంది.

నా గుండె ఎందుకు ఝల్లుమందో నా ఈడు వాళ్ళకు, అందులోనూ పాలిటెక్నిక్‌లో చదివినవాళ్ళకు, చెప్పనక్కర్లేదు. మన ల్యాబుల్లో కనెక్షన్లు ఇవ్వడం వరకే మన పని. ఇచ్చి, చేతులు కట్టుకుని, బల్ల పక్కన నిలబడాలి. సార్ వస్తారు, జేబులోంచి పెన్సిలు తీస్తారు, సప్లై దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క తీగ వెంబడే పెన్సిలు మొనను నడిపించి మళ్ళీ సప్లై దగ్గరికి తెస్తారు. తెచ్చి "ఆన్ చెయ్" అంటే చెయ్యాలి. ఆ మాట రాకుండా స్విచ్చి మీద చెయ్యి పడిందా, ఆ పూటకు ల్యాబు బయటే. బెజవాడ ఎండల్లో, తిరగని ఫ్యాను కింద, సార్ మా బల్ల దాకా వచ్చేసరికి సగం పీరియడు అయిపోయినా సరే నిలబడేవాళ్ళం. అది భయమో భక్తో విడదీసి చెప్పలేను గానీ, ఇంట్లో కూడా మనకు అదే అలవాటు కదా, పెద్దవాళ్ళు ఊఁ అంటేనే అడుగు ముందుకు పడేది.

అలా డిప్లొమా పుచ్చుకుని, పెళ్ళి చేసుకుని, చదివిందంతా అటక మీద పెట్టేసిన దాన్ని, నలభై దాటాక ఐర్లండులో మళ్ళీ అదే మొదటి పాఠాలకు వెళ్ళి కూర్చోవలసి వచ్చింది. మావారూ చదివింది ఎలక్ట్రికలే, అయితే అందరిలాగే కంప్యూటర్ల వైపు తిరిగి, ఆ ఉద్యోగం మీదే నన్ను తీసుకుని ఎన్నిస్ వచ్చారు. మాకు పిల్లలు లేరు. వచ్చి నిలదొక్కుకున్నామనుకుంటున్న రోజుల్లో ఓ పొద్దున్న షూ లేసు కట్టుకుంటూ పక్కకు ఒరిగిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులాగా, ఆయన ఉద్యోగం పోతే దాంతో ముడిపడ్డ పర్మిట్టూ పోతుంది, ఇద్దరిలో ఒక్కరికైనా పని లేకపోతే ఇక్కడ ఉండడానికి వీల్లేదన్నారు.

బెజవాడ నుంచి బావగారు రోజూ ఫోను చేసేవారు. మావారికి అన్నగారే అయినా తండ్రి తర్వాత తండ్రి, మా పెళ్ళి దగ్గర్నుంచి ఈ దేశం రావడం దాకా ఆయన సరేననకుండా మేం ఏదీ చెయ్యలేదు. వచ్చెయ్యండి, మేం చూసుకుంటాం అన్నారు, మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ అప్పుడప్పుడే మావారికి ఒకటీ అరా మాట పెగులుతోంది. అలవాటైన థెరపిస్టు దగ్గర్నుంచి ఇప్పుడు కదిలిస్తే ఆ వచ్చినవి కూడా వెనక్కి పోవచ్చని స్పీచ్ థెరపీ ఆవిడ నాతో విడిగా చెప్పింది. షానన్‌లో ఒక ఫ్యాక్టరీవాళ్ళు నా డిప్లొమా చూసి, చాలా పాతబడింది కనుక లిమరిక్ కాలేజీలో సర్క్యూట్ల మొదటి కోర్సు ప్యాసై వస్తే టెస్టింగు విభాగంలో తీసుకుని పర్మిట్టుకు వాళ్ళే రాస్తామన్నారు. అంటే మావారి నోట వచ్చే నాలుగు మాటలూ నేను ఆ కోర్సు ప్యాసవడం మీద ఉన్నాయన్నమాట. ఆయన థెరపీ సెంటర్లో ఉండే రోజుల్లోనే నా క్లాసులు పడడం గుడ్డిలో మెల్ల.

పాఠాలకు నాకు ఢోకా లేదు. ఓం సూత్రం బెజవాడలో ఎంతో లిమరిక్‌లోనూ అంతే. మా లెక్చరరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ క్లేర్ మనిషి; పిల్లకాయలంతా ఆయన్ని పేరు పెట్టి పిలుస్తుంటే నాకు ఒళ్ళు జలదరించేది, నేను సార్ అంటే ఆయన ఇబ్బందిగా నవ్వేవాడు. చిక్కంతా ల్యాబులో వచ్చింది. మొదటిరోజు ఇచ్చింది మరీ చిన్న పని, రెండు రెసిస్టర్లు వరసగా పెట్టి ఒక్కోదాని మీద వోల్టేజి ఎంతో చూసి రాయడం. అందరికన్నా ముందే కనెక్షన్లు ఇచ్చేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. నిలబడ్డాను, నిలబడ్డాను. సాయానికున్న రీసెర్చి కుర్రవాడొకడు అటుగా వస్తూ అంతా గ్రాండేనా అని అడిగితే తల ఊపాను, వాడు సాగిపోయాడు. నా పక్క బల్ల దగ్గర కిల్కెన్నీ వైపు పాడి రైతుల అమ్మాయి తీగలు పీకుతూ, గుచ్చుతూ, కాలుస్తూ, తనలో తనే నవ్వుకుంటూ రీడింగులన్నీ రాసేసుకుంది. టైమయ్యేసరికి నా కాగితం తెల్లగా ఉంది.

లెక్చరరు ఆ తెల్ల కాగితం చూసి, అందరూ వెళ్ళాక, ఏమైందని మెల్లగా అడిగాడు. నా ఇంగ్లీషులో మా పెన్సిలు సార్ సంగతంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. పద్ధతి మంచిదే అన్నాడు. అయితే, "మీరు వెళ్ళబోయే చోట మీ వెనకాల ఎవరూ నిలబడరు. చివరి ప్రాక్టికల్లో కూడా అంతే. చూసుకోవలసింది మీరే" అన్నాడు.

మాట అర్థం కాక కాదు, చెయ్యి కదలక. ఆ కాస్త వోల్టేజికి ఎవరూ చావరని నాకు తెలియదా? తెలుసు. అయినా మరుసటి వారమూ అదే తంతు. కిల్కెన్నీ అమ్మాయిని ఓసారి చూడమని బతిమాలాను, ఆ తల్లి చూడకుండానే బాగుందనేసింది, నాకు నమ్మకం చిక్కక రీడింగులు సగంలోనే ఆగిపోయాయి. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. బస్సులో ఎన్నిస్ తిరిగొస్తూ కిటికీకి మొహం తిప్పుకుని ఏడ్చాను. ఇంటికొచ్చి మావారికి చెప్పాను, ఆయనకు అన్నీ చెప్పేదాన్ని, ఆయన జవాబు చెప్పలేరు కనుక ఇంకా ఎక్కువ చెప్పేదాన్ని. ఆయన ఎడమచేత్తో బల్ల మీద రెండుసార్లు తట్టారు. ఇక్కడికి తెమ్మని.

లెక్చరరును అడిగితే, గోడ పక్కనున్న బీరువా తలుపు తెరిచి, పాతబడిన బోర్డొకటి, బ్యాటరీల పెట్టె, మల్టీమీటరు తీసి సంచిలో పెట్టి ఇచ్చాడు. ఆ రోజు నుంచి సాయంత్రం టీలయ్యాక మా భోజనాల బల్లే నా ల్యాబు. నేను కనెక్షన్లు ఇచ్చి చేతులు కట్టుకునేదాన్ని. ఆయన ఎడమచేతి చూపుడువేలుతో ఒక్కొక్క తీగ వెంబడే నెమ్మదిగా వెళ్ళేవారు. తప్పుంటే వేలు అక్కడే ఆగేది. లేకపోతే చివరిదాకా వెళ్ళి, నా మొహంలోకి చూసి, "ఊఁ" అనేవారు. అప్పుడు స్విచ్చి వేసేదాన్ని. మనిషి పడిపోయిన దగ్గర్నుంచీ ఆయనకు అన్నం కలిపిపెట్టడం, గుండీలు పెట్టడం, అన్నీ నేను చేసేవే. ఆయన నాకు చేసే పని అదొక్కటే మిగిలింది. ఆ గంటసేపూ ఆయన మొహంలో వెనకటి మనిషి కనిపించేవారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజులు నాకు సంతోషంగా కూడా గడిచాయి.

ఓ సాయంత్రం కరెంటు కొలిచి, ఆ తర్వాత వోల్టేజి కొలవడానికి మీటరును అటు మార్చాను. ఎర్ర తీగను మీటరుకున్న కరెంటు కొలిచే కన్నంలోనే మరిచిపోయాను. అలా మరిచి బ్యాటరీకి అడ్డంగా పెడితే మీటరులో ఫ్యూజు ఎగిరిపోతుంది, మొదటి ఏడాది పిల్లలంతా చేసే తప్పే. ఆయన వేలు ఎప్పటిలాగే అన్ని తీగల మీదుగానూ నడిచింది, ఆ ఎర్ర తీగ మీదుగా కూడా నడిచింది, ఎక్కడా ఆగలేదు. ఊఁ అన్నారు. స్విచ్చి వేశాను. ఆ తర్వాత మీటరులో అంకె కదల్లేదు. ఒకప్పుడైతే నిద్రలో లేపి అడిగినా చెప్పేవారాయన. ఇప్పుడు స్విచ్చిని పదే పదే నొక్కుతూ, అంకె ఎందుకు రావడంలేదన్నట్టు నా వైపు చూస్తున్నారు. మీటరులో సెల్లు అయిపోయిందన్నాను. అని వంటింట్లోకి వెళ్ళి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో కాసేపు నిలబడ్డాను.

ఫ్యూజు పోయిందంటే లెక్చరరు అదో లెక్కే కాదన్నట్టు కొత్తది వేసిచ్చాడు. నా బాధ ఫ్యూజు గురించి కాదని ఆయనకేం తెలుసు. మావారు చూడడం మానేస్తే నేను గట్టెక్కలేను, చూడొద్దంటే ఆయన బతకలేరు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆయన టీవీ ముందు ఉండగానే వంటింటి గట్టు మీద కనెక్షన్లు ఇచ్చేదాన్ని. సార్ పెన్సిలు నడిచినట్టే నా వేలు నడిపి, మీటరు కన్నాలు కూడా చూసుకుని, నా అంతట నేను స్విచ్చి వేసి, రీడింగు సరిగ్గా వచ్చిందని తేలాక, ఆపేసి, అప్పుడు బోర్డును ఆయన ముందుకు తెచ్చిపెట్టేదాన్ని. ఆయన వేలు ఆగవలసిన తప్పేదీ దానిలో ఉండనిచ్చేదాన్ని కాదు. మొదట్లో వంటింట్లో స్విచ్చి వేసేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని, పోనుపోను తెరిచే వేశాను. కాలేజీలో నా కాగితాలు నిండసాగాయి, కిల్కెన్నీ అమ్మాయి తన కనెక్షన్లు చూడమని నన్ను పిలిచేది.

ప్రాక్టికల్‌కు ముందు సాయంత్రం బోర్డు ఎప్పటిలాగే ఆయన ముందు పెట్టి చేతులు కట్టుకున్నాను. ఆయన వేలు పెట్టలేదు. బోర్డును ఎడమచేత్తో నా వైపు నెట్టారు. చాలాసేపు పెదవులు కూడదీసుకుని, "నువ్వే... చూడు" అన్నారు. మాట పోయాక రెండు మాటలు కలిపి అనడం అదే మొదలు. వంటింటి బాగోతం ఆయన ఎప్పుడో కనిపెట్టారా, లేక ఊరికే అన్నారా అన్నది ఇవాళ్టికీ నాకు తెలియదు, అడిగే ధైర్యం అప్పుడు లేకపోయింది.

ప్యాసయ్యాను. షానన్‌లో ఉద్యోగమూ వచ్చింది, పర్మిట్టూ వచ్చింది, మావారికి థెరపీ సాగింది. పూర్తి మాట రాలేదు గానీ నా పేరు, టీ, వాన, చాలు లాంటి మాటలతో మేమిద్దరం మరికొన్నేళ్ళు కాపురం చేశాం. ఆ కొన్నేళ్ళ కోసం అంత తాపత్రయమా అంటే, అవును, దానికోసమే.

పక్షవాతం రెండోసారి వచ్చినప్పుడు మాత్రం పెద్దగా వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను ఓ చిన్నగదిలో కూర్చోబెట్టి, శ్వాసకు మిషను పెట్టవచ్చు, పెట్టినా మనిషి తిరిగి వస్తారని చెప్పలేనని, ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకుని చెప్పమంది. ఫోను నా చేతిలోనే ఉంది. బెజవాడలో అప్పటికి పొద్దెక్కింది, బావగారు పూజ ముగించుకుని పేపరు పట్టుకుని ఉంటారు, మొదటి రింగుకే ఎత్తుతారు. నేను చెయ్యలేదు. మావారి మంచం దగ్గరికి వెళ్ళి కాసేపు చూసి వచ్చి, "మిషను వద్దండి" అన్నాను. అంతా అయ్యాకే బావగారికి ఫోను చేశాను.

ఇప్పటి పిల్లలు ఎవరి కోసమూ నిలబడరు. కాలితే కాలిందని ఇంకొకటి పెట్టుకుంటారు, అది మంచిదేనని పక్కింటి పిల్లను చూస్తే ఒప్పుకోబుద్ధవుతుంది. మన రోజుల్లో చేతులు కట్టుకుని నిలబడ్డంత సేపూ విసుక్కున్నాం గానీ, ఆన్ చెయ్యమన్న సార్ ఆ క్షణం నుంచీ దానికి పూచీ అని మనకు తట్టలేదు. ఏదైనా కాలితే ప్రిన్సిపాలు దగ్గర తలవంచుకుని నిలబడేది ఆయనే. ఊఁ అన్న పెద్దలు ఆ తర్వాతి మంచిచెడ్డల్లో సగం మోసేవారు. ఆ సగం ఎంత బరువో ఆ చిన్నగదిలోంచి బయటికి వచ్చాక తెలిసింది. బావగారు ఆ తర్వాత చాలాకాలం ఉన్నారు, పండక్కీ పబ్బానికీ ఫోను చేసి నా బాగోగులు కనుక్కునేవారు, ఎంతో ఆప్యాయంగా ఉండేవారు. నన్ను అడక్కుండా మిషను వద్దని ఎందుకన్నావమ్మా అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.