గుమ్మటం కింద నా గొంతు

డోము కావాలని పట్టుబట్టింది నేనే. మా విచారణకు, అదే మా ఊరి క్యాథలిక్ సంఘానికి, కొత్త గుడి కడదామనుకున్నప్పుడు ఇంజనీరుగారు చక్కగా వాలు కప్పు గీసుకొచ్చారు. "పెంకుల షెడ్డులో ముప్పై ఏళ్లు కూర్చున్నాం, మళ్లీ అదేనా అండీ?" అని ఫోనులో ఎక్కడిదో విదేశీ చర్చి ఫొటో చూపించి ఆయన ప్రాణం తోడేశాను. చివరికి కట్టారు. గుండ్రటి గుడి, మధ్యలో ఒక్క స్తంభం లేదు, చుట్టూ రంగుటద్దాల కిటికీలు, తలెత్తితే నీలం గుమ్మటం నిండా బంగారు చుక్కలు. ప్రతిష్ఠ రోజున ఆ చుక్కలు చూసి ఏడ్చేశాను.

మొదటి ఆదివారం పూజలో మొదటి బైబిలు పఠనం నాదే. పాత షెడ్డులోనూ ఎప్పుడూ నాదే. బడిలో మూడు తరగతులకు ఒకేసారి పాఠం చెప్పిన గొంతు, మైకుతో పనేముంది? నోరు తెరిచాను. మొదటి మాట పైకెళ్లి, గుమ్మటమంతా తిరిగి, వచ్చి రెండో మాట మీద పడింది. గట్టిగా చదివితే ఇంకా కలగాపులగం. బయటికొచ్చాక ఒకాయన, "టీచరుగారండీ, ఇవాళ మీతో పాటు ఇంకెవరు చదివారండీ?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

అక్కడితో అయితే నవ్వేసి ఊరుకునేదాన్నే. అరటి తోటల్లో పనికెళ్లే ముసలమ్మ ఒకావిడ ఉంది, చదువు రాదు. ఆవిడకు బైబిలంటే నా నోట విన్నదే. నా చెయ్యి పట్టుకుని, "ఈ వారం దేవుడేం చెప్పాడో తెలీలేదమ్మా," అంది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. పొయ్యి మీద కూర పెట్టి మరిచిపోయి రెండుసార్లు మాడ్చాను. డోము లోపల ఏదైనా అడ్డం కట్టండి బాబూ అని ఇంజనీరుగారికి ఫోను చేస్తే, "అడిగింది మీరే కదండీ," అన్నారు. చేజేతులా చేసుకున్నదానికి ఎవరిని అనను?

తర్వాతి ఆదివారం ఫాదర్ గారు డిగ్రీ చదివే అమ్మాయి చేత చదివించారు. మైకుకు దగ్గరగా నిలబడి, పక్కవాళ్ల చెవిలో చెప్పినట్టు నెమ్మదిగా చదివింది. ప్రతి ముక్కా వినిపించింది. ఒక్క తప్పయినా పడుతుందేమోనని చెవులు రిక్కించాను, పడలేదు. ముసలమ్మ మాత్రం ముఖం చేటంత చేసుకుని వచ్చి, "ఇకనుంచి ఈ పిల్లనే చదవనీయండమ్మా. మీరు అరుస్తారు," అంది.

ముప్పై ఏళ్లలో ఆ మాట నాకెవరూ చెప్పలేదు. అయినా నా పఠనం వదులుకుంటానా? ఫాదర్ గారిని బతిమాలి వచ్చే ఆదివారం మళ్లీ నాకే ఇప్పించుకున్నాను. ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి, గొంతు తగ్గించి, ఒక్కో మాటా చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలైనా కాలేదు. మా ఆయన పక్క గదిలోంచి పరుగున వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు.

"ఏంటి, ఒంట్లో బాగోలేదా?"