రాదోయ్కా పిన్ని ఐస్‌క్రీం డబ్బాలు

మా అపార్టుమెంటులో ఎవరింటి ఫ్రీజరు తెరిచినా ఐస్‌క్రీం డబ్బాలుంటాయి. వాటిలో ఐస్‌క్రీం మాత్రం ఉండదు. మా రెండో అంతస్తులోనే ఉండే రాదోయ్కా పిన్ని పంపిన చిక్కుడుగింజల పులుసో, సర్మానో ఉంటుంది. పులిసిన క్యాబేజీ ఆకుల్లో కైమా, బియ్యం చుట్టి పొద్దుటి నుంచి సన్నసెగ మీద ఉడికిస్తే అదీ సర్మా. మేజోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఈ ఒంటరి మనిషికి ఒక్కరికి సరిపడా వండటం చేతకాదు. మొత్తం నీష్ ఊళ్లో అంత పెద్ద గిన్నె ఇంకొకరికి ఉందంటే నేను నమ్మను.

పింగాణీ గిన్నెలో పంపచ్చుగా అంటే ఒప్పుకునేది కాదు. ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా తిరిగివ్వడం మా దగ్గర తలవంపులు. ఎదురింటి వుకాషిన్ బాబాయికి భార్య మిలెవా పోయాక పొయ్యి వెలిగించడమే తెలియదు. పాపం, ఆయన గిన్నె నిండా ఏం పెట్టి తిరిగిస్తాడు? అందుకే పిన్ని పారేసే డబ్బాలో ఇచ్చి, "తిరిగివ్వక్కర్లేదయ్యా" అనేది. ఆయన తినే వేడి కూడు అదొక్కటే.

ఓ మధ్యాహ్నం పిన్ని చెత్త వెయ్యడానికి కిందికి దిగి, నేరుగా మా ఇంటికొచ్చి కూర్చుంది.

"నా సర్మా చెత్తకుండీలో ఉందే. ఆకు మడత చూస్తే తెలీదా నాకు? ఒక్కటీ కొరకలేదు."

ఏడ్చినా బాగుండేది. ఆ వారమంతా పిన్ని పొయ్యి ముట్టలేదు. ఎదురింటాయన చిక్కిపోయి చొక్కా భుజాల మీద వేలాడుతోంది. ఇలాగే సాగితే ఆ మనిషి దక్కడనిపించి, వెళ్లి తలుపు తట్టి సర్మా సంగతి అడిగాను.

ఆయన సింకు కిందనుంచి ఓ డబ్బా తీశాడు. పక్కలు లోపలికి కుంగి, అడుగు జారిపోయింది.

"మూత కూడా తియ్యకుండా మైక్రోవేవులో పెట్టానమ్మాయ్. కొవ్వు కాగి డబ్బా మెత్తబడిపోయింది. పులుసు నోట్లో పెడితే ప్లాస్టిక్ కంపు. డబ్బా బాగాలేదంటే కూర బాగాలేదన్నట్టే కదా. ఆవిడతో ఎలా చెప్పను?"

"పళ్లెంలోకి తీసుకోవచ్చుగా బాబాయ్?"

ఆయన అలమర వైపు చూసి తల దించుకున్నాడు. "పళ్లేలు మిలెవా సర్ది పెట్టింది."

సంగతి విని పిన్ని మొదట నా మీద విరుచుకుపడింది. "మరి నువ్వెలా తింటున్నావే ఇన్నాళ్లూ?"

"గాజు గిన్నెలోకి మార్చి, పైన పళ్లెం వదులుగా మూసి వేడిచేసుకుంటా. ఐస్‌క్రీం డబ్బా చల్లదనానికి చేసింది, పిన్నీ. కాగిన కొవ్వుకి ఆగదు."

"ఆ ముక్క నాతో అనడానికి నోరు రాలేదా?"

"నీ వంట గురించి నీతో మాట్లాడే ధైర్యం ఎవరికుందిలే."

కోపం దిగాక అసలు దిగులు పట్టుకుంది. గిన్నె పంపితే ఆయన సిగ్గుతో చచ్చిపోతాడు, పంపకపోతే ఆకలితో పోతాడు. చివరికి నీలం అంచు గిన్నె నిండా సర్మా పెట్టి తనే తీసుకెళ్లింది.

"దీన్లోనే వేడిచేసుకోవయ్యా. మూత బిగించకు, ఆవిరి పోనీ. గిన్నె ఎప్పుడిచ్చినా తొందరలేదు."

గిన్నె రాలేదు. మెట్ల మీద ఎదురైతే ఆయన మొహం తిప్పుకునేవాడు. గిన్నె పంపి మనిషినే పోగొట్టుకున్నానని పిన్ని నా దగ్గర కళ్లొత్తుకుంది. ఆమె మీద నాకంత ప్రేమ ముందెన్నడూ పొంగలేదు.

ఆదివారం వరండా అంతా మాడిన ఉల్లిపాయ వాసన. అందరం తలుపులు తీసి తొంగిచూశాం. వుకాషిన్ బాబాయ్ పిన్ని గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో నీలం అంచు గిన్నె, దాన్నిండా నల్లబడ్డ బంగాళదుంపల కూర.

"అడుగంటింది రాదోయ్కమ్మా. మిలెవా చేస్తే ఇలా ఉండేది కాదు."

పిన్ని గుమ్మంలోనే ఓ ముక్క నోట్లో వేసుకుంది. వంట విషయంలో ఆవిడ ఎవరి మొహం చూసీ అబద్ధం చెప్పదు.

"ఉప్పెక్కువైంది. రేపు తగ్గించు."

ఆయన గిన్నె ఆవిడ చేతిలో పెట్టాడు.

"సరే. రేపు తగ్గిస్తాను," అన్నాడు.