వెనక గేటు తీర్మానం

నాలుగంతస్తుల ఆ భవనంలో ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా కింది వాటాలో ఉండే రిటైరైన బస్సు కండక్టరు గుమ్మం ముందు నుంచే వెళ్ళాలి. లిఫ్టు అక్కడే, మెట్లు అక్కడే, ముందు గేటుకు దారీ అదే. ఫ్లాటు కొన్నప్పుడు అతని అక్కకు అదే నచ్చింది. "జనం తిరిగే చోటురా. నీలాంటివాడికి నోరు కట్టేసినట్టుండదు" అంది. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా డ్యూటీ ఉందని బస్సెక్కేసిన తమ్ముడికి ఆవిడే దిక్కు, ఆవిడకు తమ్ముడే దిక్కు. అతను రిటైరైన ఏడాదికి ఆవిడ పోయింది.

జనం మాత్రం తిరుగుతూనే ఉన్నారు. చెవుల్లో ఏవో పెట్టుకుని, ఫోను చూసుకుంటూ, అతను కనిపిస్తే తల ఒకసారి కిందికీ పైకీ ఆడించి లిఫ్టులో దూరిపోతారు. పాలప్యాకెట్టు తలుపుకు తగిలించిన సంచిలో పడుతుంది. సరుకుల దుకాణంలో ఎంతైందో తెర మీద అంకెలే చెబుతాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తలనొప్పి పుట్టేంతగా మాట్లాడిన మనిషి. చిల్లర కోసం, సీటు కోసం, దిగాల్సిన స్టాపు దాటిపోయిందని, వాళ్ళతోనూ వీళ్ళతోనూ పొద్దుగూకేదాకా వాదన. ఇప్పుడొక సాయంత్రం ఫోను మోగితే, పొద్దుటి నుంచీ వాడని గొంతు పట్టేసి, దగ్గి సవరించుకునేలోగా అవతలివాళ్ళు పెట్టేశారు. అది ఎవరిదో రాంగ్ నంబరే. అయినా చాలాసేపు ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

ఆ రోజుల్లోనే పై అంతస్తులోకి ఒక అమ్మాయి అద్దెకు దిగింది. ల్యాబులో ఉద్యోగం. తెల్లవారకుండానే ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకొచ్చే పని. ఆమెతోపాటు ఒక గోధుమరంగు కుక్క. చెవులు వేలాడుతూ, ఎప్పుడూ ఎవరో తిట్టినట్టుండే ముఖం. లిఫ్టు తలుపు తెరుచుకోగానే అది ఆమెను ఈడ్చుకుంటూ వచ్చి కండక్టరు గుమ్మం పక్కనున్న స్తంభం దగ్గర కాలెత్తేది.

మొదటిరోజు అతను తలుపు తెరిచేసరికి పని సగంలో ఉంది.

"ఏమ్మా, మా ఇంటి ముందే స్టాపు పెట్టాడా మీవాడు?"

"సారీ అంకుల్. వాడేం చెయ్యడండీ."

"ఏం చెయ్యకపోతే ఇది నేను చేశానా?"

ఆమె నాలిక కరుచుకుంది. నవ్వు ఆపుకుంటూ, క్లిప్పు పళ్ళ మధ్య పట్టుకుని ఒంటిచేత్తో జుట్టు ముడేసుకుంటూ, "సాయంత్రం వచ్చి కడిగేస్తా అంకుల్, ఇప్పుడు లేటైపోతోంది" అని పరిగెత్తింది. సాయంత్రం రాలేదు. అతనే బకెట్టు తెచ్చి కడిగాడు. కడుగుతూ, రేపు ఏమనాలో ఒకటికి నాలుగుసార్లు మనసులో అనుకున్నాడు. ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది.

మర్నాడు ముందే లేచి తలుపు వెనక నిలబడ్డాడు. దొంగను పట్టుకోవడానికని తనకు తానే చెప్పుకున్నాడు.

అలా రోజూ జరిగింది. ఆమె ఒక మాట అంటే అతను రెండనేవాడు. "టికెట్టు లేని ప్యాసింజర్ని రోజూ ఎక్కించుకొస్తావేమ్మా" అని అతనంటే, "సీనియర్ సిటిజను అంకుల్ వాడు, రాయితీ ఇవ్వండి" అనేది ఆమె. "కుక్కకు బుద్ధి లేదంటే సరే, పెంచేవాళ్ళకైనా ఉండాలిగా" అంటే, "వాడికే కాస్త నయం, నాకసలు లేదు" అనేసి లాక్కుపోయేది. ఒకరోజు కుక్క స్తంభం వైపు దూకుతుంటే బస్సు ఆపించే పాత అలవాటున అతని నోటివెంట "హోల్డాన్!" అని వచ్చింది. కుక్క నాలుగు కాళ్ళూ బిగించి ఆగిపోయింది. ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. "రైట్ రైట్" అన్నాడు, చూద్దామని. కుక్క కదిలి గేటు వైపు నడిచింది.

"నేను గొంతు చించుకున్నా వినడు అంకుల్ వీడు!" అంది ఆమె, కుళ్ళుకుంటున్నట్టు.

"నీ గొంతులో సర్వీసు లేదమ్మా."

ఆ రోజు ఆమె గేటు దాకా నవ్వుతూనే వెళ్ళింది. ఇక కుక్క స్తంభం జోలికి రాకుండా చెయ్యడం అతనికి చిటికెలో పని. కానీ మర్నాడు అతను హోల్డాన్ అనలేదు. కాలెత్తేదాకా ఆగి, అప్పుడు తలుపు తీశాడు. ఆ పోట్లాట తప్ప తన రోజులో మాటన్నది లేదని అతనికి తెలుసు. తెలిసిన సంగతిని తనలో తానైనా అనుకోలేదు, అంతే.

సాయంత్రాలు ఆమె లిఫ్టు కోసం ఎదురుచూస్తూ కుక్కతో మాట్లాడేది. తలుపు వెనక అతనికి అన్నీ వినిపించేవి. "ఇవాళ ఒక పెద్దాయనకు నరం దొరకలేదురా, మూడుసార్లు పొడిచా, పాపం ఏమీ అనలేదు." "నువ్వు తిన్నావా? నేను తినలేదు. వండే ఓపిక లేదు. నువ్వు వండుతావా?" ఆ మాటలు విన్నప్పుడు అతను టీవీ సౌండు తగ్గించేవాడు.

అదంతా అక్కడితో ఆగిపోయేదే. ఒకరోజు ఫ్లాట్ల సంఘం సెక్రటరీ, ఇన్సూరెన్సు పాలసీలు చేయించే ఆయన, అతని గుమ్మం దగ్గర ఆగాడు.

"కండక్టరుగారూ, ఈ కుక్కల గొడవ మీటింగులో పెడుతున్నాం. మూడో అంతస్తు బ్యాంకాయన కుక్కపిల్లను లిఫ్టులో చంకనేసుకొస్తాడు, సరే. ఆ పైనున్న అమ్మాయిది మాత్రం మరీ అన్యాయం. అందరికంటే నష్టం మీకే. మీరొచ్చి రెండు మాటలు చెప్పాలి."

"నాదేముంది లెండి" అన్నాడు కండక్టరు.

"మీరు చెబితేనే బరువు."

అలా అడిగి చాలాకాలమైంది ఎవరైనా. ఇస్త్రీ చేసిన చొక్కా తీసి పెట్టుకున్నాడు.

ఆదివారం సాయంత్రం కార్లు నిలిపేచోట ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ముందు ఒకటో అంతస్తులో ఉండే ఒక తల్లి లేచి, తన కొడుకు కుక్క అరుపు వింటే పక్క తడుపుతున్నాడని చెప్పింది. బ్యాంకాయన లేచి, తన కుక్కకు అన్ని టీకాలూ వేయించానని, భవనంలో పిల్లలకంటే అదే శుభ్రంగా ఉంటుందని అన్నాడు. అక్కడ చిన్న రభస అయింది. "మంచం మీద పడుకోబెట్టుకుంటారట! పిల్లల్నైనా అంత ముద్దు చెయ్యం" అంది ఒక బామ్మగారు. "పిల్లలు ఎదురు మాట్లాడతారు బామ్మగారూ, కుక్క మాట్లాడదు" అన్నారెవరో వెనకనుంచి. సెక్రటరీ చేతులెత్తి అందర్నీ ఆపి, "ఇప్పుడు మన కండక్టరుగారు" అన్నాడు.

రెండే మాటలు చెప్పి కూర్చోవాలనుకున్నాడు. స్తంభం దగ్గర వాసన వస్తోంది, కాస్త చూసుకోమనండి, అంతే. లేచి నిలబడి అందరి ముఖాలూ తనవైపు తిరిగి ఉండడం చూశాడు. కిక్కిరిసిన బస్సులో ఆఖరి సీటు దాకా వినిపించేలా పలకడం అతని వృత్తి. ఆ గొంతు దానంతటదే లేచింది.

"రోజూ మా ఇంటి ముందే స్టాపండీ. రిక్వెస్టు స్టాపు కూడా కాదు, కంపల్సరీ!"

నవ్వారు. ఆ నవ్వు ఎంతో దూరం నుంచి వచ్చిన చుట్టంలా అనిపించింది. వదిలిపెట్ట బుద్ధి కాలేదు. స్తంభం ఎలా రంగు మారిందో చెప్పాడు. హోల్డాన్ సంగతి చెప్పాడు, పడీపడీ నవ్వారు. ఒకటో అంతస్తు తల్లి కళ్ళు తుడుచుకుంది. ఇక అతను ఆగలేదు. క్లిప్పు పళ్ళతో పట్టుకుని, ఒంటిచేత్తో జుట్టు ముడేసుకుంటూ, రెండో చేత్తో లేని గొలుసును లాగుతూ ఆ అమ్మాయి ఎలా పరిగెడుతుందో చేసి చూపించాడు. తర్వాత లిఫ్టు ముందు నిలబడ్డట్టు నిలబడి, గొంతు సన్నం చేసి, "నువ్వు తిన్నావా బంగారం? నేను తినలేదు. వండే ఓపిక లేదు. నువ్వు వండుతావా?" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. అతను అలవాటు ప్రకారం ఆఖరి వరుస వైపు చూశాడు, అక్కడిదాకా అందిందో లేదో అని.

ఆ అమ్మాయి అక్కడ నిలబడి ఉంది. పనినుంచి అప్పుడే వచ్చినట్టుంది. రక్తం సీసాలు పెట్టుకునే పెట్టె ఇంకా భుజానే ఉంది. ముఖంలో కోపం లేదు. లిఫ్టు ముందు తాను అన్నవి ఇతనికెలా తెలుసని ఆలోచిస్తున్నట్టుంది. తర్వాత తెలిసినట్టుంది. చూపు అతని తలుపు మీదికి పోయి, నేలకు దిగింది.

పెంపుడు జంతువులన్నీ ఇకమీదట వెనక మెట్లనుంచి, వెనక గేటునుంచే రావాలి పోవాలి అని సెక్రటరీ తీర్మానం చదివి, ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నాడు. చేతులు లేచాయి. కండక్టరు పక్కకు చూసి, తన చెయ్యి కూడా పైకే ఉండడం గమనించాడు. దించితే అందరూ చూస్తారని దించలేదు.

నోరా వీపుకు తేకే అని అక్క ఊరికే అనేది కాదు.

స్తంభం ఎండిపోయింది. కడగాల్సిన పని లేదు. అతను మాత్రం చీకటుండగానే లేచి తలుపు వెనక నిలబడేవాడు. లిఫ్టు తెరుచుకుంటే పేపరు పిల్లాడు, లేదంటే నడకకు పోయేవాళ్ళు. "దెబ్బకు దారికొచ్చారు, అంతా మీ చలవే కండక్టరుగారూ" అని ఒకరిద్దరు అన్నారు. వారం తిరక్కుండానే వాళ్ళూ మళ్ళీ తల ఊపడంలో పడ్డారు. బ్యాంకాయన అయితే ఆ ఊపడం కూడా మానేశాడు.

ఆగి ఆగి, సెక్రటరీ ఇంటి బెల్లు కొట్టాడు.

"ఆ తీర్మానం... కొంచెం సడలిస్తే బాగుంటుందేమోనండి. వెనక మెట్లమీద దీపాలు కూడా లేవు. ఆడపిల్ల, తెల్లవారుజామున."

సెక్రటరీ అతన్ని ఎగాదిగా చూశాడు. "భలేవారే! పాసు చేయించిందే మీరు. అందర్నీ నవ్వించి చంపి, ఇప్పుడిదేంటండీ?"

"మరి నేనొప్పుకుంటే..."

"మీ ఒక్కరి ఒప్పుకోలుతో అయ్యేదా? దీపాలు వేయిస్తాలెండి. మీరన్నారని చెబుతా."

చెప్పొద్దు అనబోయాడు. తలుపు అప్పటికే మూసుకుంది.

మర్నాడు భవనం చుట్టూ తిరిగి వెనక గేటు దగ్గరికి వెళ్ళాడు. అటువైపు అతను వచ్చింది తక్కువ. చెత్తడబ్బాలు, పాత తలుపులు, పగిలిన కుండీలు. ఆమె గేటు బయట గోడవార ఉంది. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, వంగి, కుక్క చేసింది ఎత్తి, సంచి తిరగేసి ముడివేసింది. జేబులోంచి సీసా తీసి నేలమీద నీళ్ళు పోసింది. జుట్టు ముందే దువ్వి జడ వేసుకుని ఉంది. ఏవి చెయ్యడం లేదని అతను రోజూ తిట్టాడో అవన్నీ ఆమె ఒక్కటీ వదలకుండా చేస్తోంది.

కుక్క అతన్ని చూసి తోక ఊపుతూ ముందుకు దూకింది. ఆమె గొలుసు మణికట్టుకు చుట్టుకుని దగ్గరకు లాగింది.

"ఇక్కడ కూడా ఏమైనా ఇబ్బందా సార్?"

అంకుల్ కాదు, సార్.

"లేదమ్మా. ఊరికే... మొన్న మీటింగులో నేను అన్నది..."

"మీరు ఉన్నదే చెప్పారు సార్. నాకే తెలియలేదు, అంత గట్టిగా మాట్లాడతానని. ఇప్పుడు వాడితో ఇంట్లోనే మాట్లాడుతున్నా."

"అది కాదమ్మా. అందరూ నవ్వుతుంటే..." ఏడాదిగా ఎవరూ నవ్వలేదని చెప్పాలా? నేను రోజూ నవ్వేదాన్ని కదా అని ఆమె అంటే? "సెక్రటరీతో మాట్లాడానమ్మా. మీటింగులో మళ్ళీ నేనే లేచి చెబుతాను. ముందు గేటునుంచే రండి. స్తంభం సంగతి నేను చూసుకుంటా."

ఆమె ముడివేసిన సంచిని డబ్బాలో వేసింది. మూత చప్పుడు కాకుండా పెట్టింది.

"వద్దు సార్. ఇలాగే బాగుంది" అంది. దెప్పుతున్నట్టు లేదు. నిజంగానే అన్నట్టుంది. "పొద్దున్నే ఎవరితోనూ మాట పడాల్సిన పని లేదు. వాడు కూడా వెనక గేటుకు అలవాటు పడ్డాడు."

కుక్క ఇంకా అతనివైపే చూస్తోంది. చెయ్యి చాపితే మూతి అందేంత దూరం. ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదని అతనికి అప్పుడు తోచింది. ముట్టుకోవచ్చా అని అడగడానికి నోరు తెరిచేసరికి ఆమె వాచీ చూసుకుంది.

"వస్తాను సార్, లేటవుతోంది. దారివ్వు నాన్నా, సార్‌కి తగులుతున్నావ్."

మెట్ల మీద ఆమె అడుగులూ, కుక్క గోళ్ళ చప్పుడూ కాసేపు వినిపించాయి. రెండో అంతస్తు దాకా ఆమె ఏమీ మాట్లాడలేదు. ఆ పైన ఏమైనా మాట్లాడిందేమో, కిందికి వినబడలేదు.

చెత్త బండివాడు వచ్చి డబ్బాలు లాగడం మొదలుపెట్టాడు.

"ఏమన్నా పారేసుకున్నారా పెద్దాయనా? చూడమంటారా?"

"లేదు నాయనా."

"మరి ఇక్కడ నిలబడ్డారు?"

కండక్టరు పక్కకు జరిగి డబ్బాకు దారిచ్చాడు. బండివాడు తన పనిలో పడ్డాడు. డబ్బా ఒక్కొక్కటే ఎత్తి గుమ్మరిస్తుంటే కండక్టరు అక్కడే నిలబడి చూశాడు. బండి కదిలి సందు మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత ఇంటికి వెళ్ళడానికి భవనం చుట్టూ తిరిగి ముందు గేటువైపు నడిచాడు. వెనక గేటు జంతువులున్నవాళ్ళ కోసం కదా.